నాలుగో సిమ్ము

పొద్దున ఏడింటికి రాత్రి షిఫ్టు దిగిపోతూ గట్టయ్య హాలేజీ గది గడపలో ఆగి ఒక మాట అన్నాడు.

"ఏం బావా, పక్క బాయికి పోతున్నవట గదా. మంచిదే తియ్యి."

సద్దిగిన్నె కొక్కేనికి తగిలించబోతున్న బుచ్చన్న చెయ్యి గాలిలోనే ఆగింది. "ఎవడు చెప్పిండు నీకు?" అన్నాడు.

"ఎవరు చెప్తే ఏంది? మంచి మాటనే గదా," అని నవ్వి, తుండుగుడ్డ భుజాన వేసుకుని గట్టయ్య వెళ్ళిపోయాడు.

ఎవరు చెప్తే ఏమిటా! ఈ లోకంలో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకడు బుచ్చన్న. రెండోవాడు యూనియన్ పిట్ సెక్రటరీ వేణుమాధవ్. నిన్న సాయంత్రం ఫోనులో, అదీ ముందు తలుపు గడియ పెట్టి మరీ మాట్లాడుకున్న మాట, తెల్లారేసరికి గట్టయ్య నోట్లోకి ఎలా వచ్చింది?

బొగ్గు అయిపోయి ఈ బాయి మూడు నెలల్లో మూతపడుతోంది. అందరినీ తలా ఒక దిక్కుకు పంపిస్తారు. హాలేజీ నడిపేవాళ్ళకు ఎక్కువగా భూపాలపల్లి పడుతుందని వినికిడి. గోదావరిఖనిలోనే, ఇంటికి పది నిమిషాల దూరంలో, పక్క బాయిలో ఒకే ఒక్క కుర్చీ ఖాళీ ఉంది. బుచ్చన్న, గట్టయ్య ఒకే ఏడు డ్యూటీలో చేరినవాళ్ళు కాబట్టి అది ఇద్దరిలో ఎవరికైనా రావచ్చు. శనివారం పేర్లు పైకి పోతాయి. "నీ పేరే రాస్తున్న, అప్పటిదాక నోరు మూసుకొని ఉండు," అని వేణుమాధవ్ మరీ మరీ చెప్పాడు. బుచ్చన్నకు కుర్చీ మీద మోజేం లేదు. భార్య లస్మవ్వ కాలికి షుగరు పుండు. రోజు విడిచి రోజు షిఫ్టు దిగగానే ఆమెను బండి మీద కూర్చోబెట్టుకుని కంపెనీ దవాఖానకు కట్టు మార్పించడానికి తీసుకుపోవాలి. కూతురు యమున పెద్దపల్లిలో ఉద్యోగం చేసుకుంటోంది, ఆదివారం తప్ప రాలేదు. తను భూపాలపల్లిలో పడితే ఆ కాలును ఎవరు చూస్తారు?

ఆ రోజంతా బుచ్చన్న చేతులు హాలేజీ మీద, మనసు గట్టయ్య మీద పెట్టి పనిచేశాడు. హాలేజీ అంటే చేదబావి గిలకకు పెద్దన్న. ఇనుప డ్రమ్ముకు చుట్టిన మోకు ఏటవాలు సొరంగంలోకి దిగి బొగ్గు టబ్బులను కిందికి వదులుతుంది, పైకి లాగుతుంది. కింద ఏం జరుగుతోందో మీద కూర్చున్నవాడికి కనపడదు. అక్కడి మనిషి తీగ లాగితే ఇక్కడ గంట మోగుతుంది. ఒకటి కొడితే ఆపాలి. రెండు కొడితే కిందికి వదలాలి. మూడు కొడితే పైకి లాగాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా బుచ్చన్న చేసేది ఇంతే. ఇంతే అంటే తేలిగ్గా వినపడుతుంది గానీ, మోకు పక్కన నిలబడ్డ మనిషి ప్రాణం ఆ లెక్కలోనే ఉంటుంది.

సాయంత్రం దవాఖాన నుంచి వచ్చి లస్మవ్వను మంచం మీద కూర్చోబెట్టాక, చాయ్ గ్లాసు పట్టుకుని బుచ్చన్న పక్క క్వార్టరు గోడకేసి చూశాడు. ఆ గోడ అవతల వీర్రాజు ఇల్లు. గోదావరి జిల్లా నుంచి వచ్చి వర్క్‌షాపులో ఫోర్‌మన్ అయిన మనిషి, పక్కింటివాడై పదకొండేళ్ళు. ఎన్నడూ గొడవ లేదు. అసలు గొడవే లేకపోవడం కూడా ఇప్పుడు బుచ్చన్నకు అనుమానంగానే తోచింది.

ఎందుకంటే, బుచ్చన్న ఫోను మాట్లాడేది వీర్రాజు ఇంటి వైఫై పెట్టె మీద.

దానికో కథ ఉంది. రెండేళ్ళుగా బుచ్చన్నకు ఫోనులో మాట సరిగా వినపడదు. ఓపెన్‌కాస్టు గనిలో తవ్విన మట్టి తెచ్చి కాలనీ వెనక పోస్తూ పోస్తూ గుట్టలు లేపారు, టవరుకూ ఇంటికీ మధ్య ఆ గుట్ట అడ్డం వచ్చిందని అతని నమ్మకం. చౌరస్తాలో గొడుగు వేసుకుని సిమ్ములమ్మేవాళ్ళకు ఇలాంటి మనిషి దొరికితే పండగ. ఆకుపచ్చ గొడుగువాడు తమది కొండల్లో కూడా పలుకుతుందన్నాడు. నంబరు అటు మార్చుకున్నాడు. ఆరు నెలలకు నారింజ గొడుగువాడు ఆకుపచ్చవాళ్ళది మోసం అన్నాడు. ఇటు మార్చుకున్నాడు. ఏ గొడుగు కిందికి పోయినా వానకు తడవడం తప్పలేదు. చివరికి వీర్రాజు కొడుకు రవికాంత్ దసరా సెలవుల్లో వచ్చినప్పుడు, "టవరుతో పని లేదండీ, మా వైఫై మీద మాట్లాడుకోండి, మామూలు ఫోనులాగే పోతుంది," అని ఫోనులో ఏదో మీట నొక్కి, తమ ఇంటి పాస్‌వర్డ్ కొట్టి ఇచ్చాడు. మాట కొంచెం నయమైంది. బుచ్చన్న మురిసిపోయాడు.

ఇప్పుడు మురిపెం దిగి అసలు ప్రశ్న వచ్చింది. తన మాట వాళ్ళ పెట్టెలోంచి పోతున్నప్పుడు, ఆ పెట్టె దగ్గర కూర్చున్నవాడు వినకుండా ఉంటాడా?

చదువుకున్నవాడైతే నవ్వుతాడేమో. కానీ బుచ్చన్నకు ఫోనంటే ముందు తెలిసింది బాయి ఫోను. హాలేజీ గదిలో, మూలన, నల్లటి పెట్టె. పిడి తిప్పితే కింద ప్రతి లెవెల్లోనూ మోగుతుంది. అన్నిటికీ ఒకటే తీగ. ఎవరి కోసం మోగినా సరే, ఏ మూలన ఎవడు చెవికి పెట్టుకున్నా అందరి మాటా అందరికీ వినపడుతుంది. ఆ పెట్టెకు చెవి ఆనించి బుచ్చన్న తెలుసుకున్న సంగతులకు లెక్కలేదు. ఓవర్‌మన్ ఇంట్లో పంచాయితీ, సర్దారు చిన్నకొడుకు పరీక్ష తప్పడం, ఎవరికి ఎవరితో పడదో అన్నీ ఊపిరి బిగబట్టి విన్నవాడే. తను వినగా లేనిది వీర్రాజు వినడా? తనకున్న గుణమే ఎదుటివాడికీ ఉంటుందనుకోవడం మనిషికి మహా సుళువు.

సరిగ్గా అప్పుడే యమున ఫోను చేసింది. బుచ్చన్న "ఆ బిడ్డా," అన్నాడో లేదో, పక్కింటి వంటగది కిటికీ రెక్కలు దబదబా మూసుకున్నాయి. లోపల టీవీ ఒక్కసారిగా గట్టిగా మోగింది.

బుచ్చన్న కళ్ళు చిన్నవయ్యాయి. కిటికీ మూసుకుని, టీవీ చప్పుడు అడ్డం పెట్టుకుని, పెట్టె దగ్గర చేరారన్నమాట. మొన్న కూడా ఇలాగే మూశారు. అటు మొన్న కూడా. ఇన్నాళ్ళూ తను చూస్తూ కూడా చూడలేదు. "మల్ల చేస్త బిడ్డా," అని ఫోను పెట్టేశాడు.

"ఏమైంది?" అంది లస్మవ్వ.

"ఏం గాలే. గోడలకు చెవులున్నయి," అన్నాడు.

లస్మవ్వ ఏదో చెప్పబోయి, అతని ముఖం చూసి ఊరుకుంది.

బుధవారం బాయి దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. హాలేజీ పిడికి ఎదురుగా ఒక ఎర్రదీపం ఉంటుంది. గంట ఎన్నిసార్లు మోగితే అదీ అన్నిసార్లు వెలుగుతుంది. పోయినేడు గట్టయ్యే ఎలక్ట్రీషియన్ వెంటపడి దాన్ని పెట్టించాడు. గంట ఉండగా దీపమెందుకు, దొరల ముందు పేరు కోసం కాకపోతే, అని బుచ్చన్న అప్పుడే అనుకున్నాడు. ఆ దీపం బుధవారం పదకొండింటికి మాడిపోయింది. అది మాడిందని గమనించేలోపే బాయి ఫోను గట్టిగా మోగింది.

"ఏందన్నా, గంట కొడ్తే ఆపవేంది!" కింద టబ్బులకు క్లిప్పులు పెట్టే సంపత్ గొంతు చించుకుని అరుస్తున్నాడు. "ఒకటి కొట్టిన, ఆపకపోతే మల్ల ఒకటి కొట్టిన. పక్కకు దుంకిన గనుక సరిపోయింది."

బుచ్చన్న బ్రేకు బిగించి చూశాడు. డ్రమ్ము ఆగాల్సిన గుర్తు దాటి నాలుగు చుట్లు తిరిగింది. "గంట కొట్టకుండనే కొట్టిన్నని చెప్పకు," అన్నాడు.

"తల్లి తోడన్నా, కొట్టిన."

ఫోను పెట్టాక బుచ్చన్నకు చెమట పట్టింది. కానీ ఆ చెమట ఆరకముందే మనసు తన దారిన తాను పోయింది. సంపత్ ఎవరి ఊరివాడు? రామగిరి. గట్టయ్య అత్తగారిది ఏ ఊరు? రామగిరే. పేర్లు పోయే వారంలోనే బుచ్చన్నకు డ్యూటీ చాతకాదని మచ్చ పడాలి, ఇదీ సంగతి! ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త దీపం పెట్టేదాకా ఒక్క టబ్బు కదిలించలేదు. దీపం వెలిగాక పని సాఫీగా సాగింది. దాంతో తప్పు తనది కాదన్న నమ్మకం మరింత గట్టిపడింది.

ఆ సాయంత్రం కాలనీ మార్కెట్ దగ్గర కొత్త గొడుగు వెలసింది, ఊదా రంగుది. దాని కింద ప్రశాంత్ అనే కుర్రవాడు వేలిముద్ర యంత్రం పెట్టుకుని కూర్చున్నాడు. బుచ్చన్న చుట్టూ చూసి, వంగి, తన సంగతి కొంత చెప్పాడు.

ప్రశాంత్‌కు అమ్ముకోవడం తెలుసు. "అయ్యో కాకా, పక్కింటోల్ల వైఫై మీద మాట్లాడ్తున్నవా? వాల్ల పెట్టె, వాల్ల ఇష్టం. ఏం ఇంటరో ఏం పాడో మనకెట్ల తెలుస్తది? ముందుగాల అది బంద్ చెయ్యి. మా సిమ్ము తీసుకో, నీ మాట నీదే."

వింటారని అతను అనలేదు. వినరనీ అనలేదు. అమ్మేవాడికి ఆ మధ్యలో ఉన్న సందు చాలు. బుచ్చన్న బొటనవేలు యంత్రం మీద పెట్టాడు. మసి తుడిచి మూడుసార్లు పెడితే గానీ ముద్ర పడలేదు. అది అతని నాలుగో సిమ్ము. వైఫై మీట ప్రశాంత్ చేతనే తీయించేశాడు.

ఇంటికి వచ్చి, చీకటి పడకముందే, పెరట్లో బట్టలుతికే బండ మీద నిలబడి కొత్త నంబరుతో వేణుమాధవ్‌కు చేశాడు. అవతలి మాట నూతిలోంచి వస్తున్నట్టుంది. "మల్లొక్కసారి చెప్పన్నా... ఏంది... పాత మెడికల్ కాయితమా? శుక్రారం తెస్త... ఆ, శనారం పేర్లు పోతయా? సరే సరే, గట్టయ్యకు తెల్వనియ్యకు!" పక్కింటి కిటికీ మళ్ళీ మూసుకుంది. మూసుకోండి, ఇప్పుడేం వింటారో విందాం, అని బుచ్చన్న లోలోపల నవ్వుకున్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా.

గురువారం పొద్దున షిఫ్టు మారేటప్పుడు గట్టయ్య గొంతు సవరించుకున్నాడు. "బావా, పాత మెడికల్ కాయితం కావాలంటే మన ఆఫీసుల క్లర్కు తాన నకలు దొరుకుతది. పరేషాన్ గాకు."

బుచ్చన్న లెక్క వేసుకున్నాడు. కొత్త సిమ్ము, కొత్త నంబరు, వైఫై బంద్. అయినా గట్టయ్యకు తెలిసింది! మామూలు మనిషైతే ఇక్కడ ఆగి, వీర్రాజు పెట్టెలో దోషం లేదేమో అనుకుంటాడు. అనుమానం పట్టినవాడు ఆగడు. ప్రశాంత్ సొంత ఊరు బసంత్‌నగర్ అన్నాడు కదా. వీర్రాజు మొదట్లో బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో పని చేశాడు కదా. అంటే సిమ్ము కూడా వాళ్ళదే!

సాయంత్రం లస్మవ్వను దవాఖానకు తీసుకుపోయి వచ్చి, బండి స్టాండు కూడా సరిగా వేయకుండా పెరటి గోడ దగ్గరికి నడిచాడు. అటువైపు వీర్రాజు కరివేప మొక్కకు నీళ్ళు పోస్తున్నాడు.

"వీర్రాజుగారూ, ఒక మాట. మా మాటలు మీరు ఎన్నొద్దుల సంది ఇంటున్నరు?"

వీర్రాజు మగ్గు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "ఏ మాటలండీ?"

"నాకెర్కలేదనుకోకున్రి! మీ పెట్టె పొంటి ఇన్నరు. దాన్ని బంద్ చేస్తే సిమ్మోన్ని పంపిన్రు. నా ముచ్చట గట్టయ్యకు మోస్తున్రు. పదకొండేండ్ల సంది పక్కపొంటి ఉండి గిదేనా చేసేది?"

వీర్రాజు ముఖం ఎర్రబడింది. మగ్గు గోడ మీద పెట్టేశాడు. వెనక వరస క్వార్టర్ల పెరటి తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. వంటగదిలోంచి అతని భార్య చంద్రమతి తడిచేతులతో వచ్చింది. ఆమె ఎప్పుడూ బుచ్చన్నతో నాలుగు మాటలకు మించి మాట్లాడిన మనిషి కాదు.

"అన్నయ్యగారూ," అంది, గోడకు దగ్గరగా వచ్చి, ప్రతి మాటా విడివిడిగా. "మీరిప్పుడు మామూలుగా మాట్లాడుతున్నాననుకుంటున్నారా?"

"మల్లెట్ల మాట్లాడుతున్న?"

"అరుస్తున్నారండి. కోపమొచ్చి కాదు, రోజూ ఇలాగే. ఫోనొస్తే ఇంకా ఎక్కువ. ఆ పెట్టెలో మాకేమీ వినపడదు, అందులో మాట తాళం వేసి పోతుందని మా రవికాంత్ చెప్పాడు. పెట్టెతో పనేముంది? మీ ఇంటి సంగతులు మా చెవిన పడకూడదని మీకు ఫోను రాగానే కిటికీలు వేసుకుని టీవీ పెంచుకుంటున్నాం. అయినా వినపడుతుంటే ఏం చెయ్యమంటారు?"

బుచ్చన్న నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో గట్టయ్య భార్య సారలమ్మ పెరటి తలుపు దగ్గర తల వంచుకుని నిలబడి ఉంది. ఆ ఇల్లు తన బట్టల బండకు పది అడుగులు కూడా ఉండదని అతనికి అప్పుడే కనపడినట్టయింది.

"మూడు కంపెనీలు మార్చారు," చంద్రమతి గొంతు ఈసారి మెత్తబడింది. "ఇది నాలుగోది. మీ మొదటి కంపెనీ సిమ్మే మా ఇంట్లో ఇప్పటికీ. మాకు బాగానే వినపడుతోందండి. మట్టిగుట్ట మాకూ ఉంది కదా."

వీర్రాజు "ఊరుకో," అన్నట్టు భార్య మోచెయ్యి పట్టుకున్నాడు. బుచ్చన్నకు ఆ "ఊరుకో" పెదవుల మీద కనపడింది, చెవికి రాలేదు.

ఇంట్లోకి వచ్చేసరికి లస్మవ్వ మంచం మీద కట్టు కాలు చాపుకుని ఏడుస్తోంది. బుచ్చన్న ఆమె ఎదుట పీట వేసుకుని కూర్చున్నాడు.

"నీకెర్కనా?"

ఆమె తల ఊపింది.

"ఎన్నొద్దుల సంది?"

"రెండేండ్లు."

"నాకెందుకు చెప్పలే?"

లస్మవ్వ ముక్కు తుడుచుకుని అతని కళ్ళలోకి చూస్తూ, గట్టిగా, నెమ్మదిగా చెప్పింది. "చెప్తే నువ్వు పోయి దొరలకు చెప్తవు. నీ సంగతి నాకెర్క లేదా? సీటు పోతది. ఏడికో తోలుతరు. నా కాలు చూస్కొని నేనే నోరు మూసుకున్న. పాపం నాదే."

ఆ పూట బుచ్చన్నకు అనుమానించడానికి ఎవరూ మిగల్లేదు. అంత ఒంటరిగా అతనికి ఎన్నడూ అనిపించలేదు. నాలుగేళ్ళ కిందటి మెడికల్ పరీక్షలో చెవులు బాగున్నాయని రాసిన కాయితం ట్రంకుపెట్టెలోంచి తీసి చూసుకున్నాడు. అది తనదేనా అనిపించింది.

శుక్రవారం అరగంట ముందే బాయికి చేరాడు. రాత్రి షిఫ్టు టబ్బులన్నీ పైకి వచ్చేశాయి. డ్రమ్ము ఆగి ఉంది. గట్టయ్య రిజిస్టరు రాసుకుంటున్నాడు.

"బ్రేకు ఎయ్యి. కిందికి ఫోన్ చేసి ఉత్త గంటలు కొట్టుమను," అన్నాడు బుచ్చన్న.

"ఎందుకు బావా?"

"కొట్టుమనరా."

తన తుండుగుడ్డ తీసి ఎర్రదీపం మీద కప్పి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సున్నం పెచ్చులూడిన గోడ. కళ్ళు మూసుకుంటే చెవులు తెరుచుకుంటాయంటారు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో దూరంగా, ఇనుము మీద గోరుతో తట్టినట్టు.

"రెండు," అన్నాడు. "మల్ల కొట్టుమను." మళ్ళీ విన్నాడు. "ఇగో, గిప్పుడు గూడ రెండే. కాదా?"

వెనక్కి తిరిగేసరికి గట్టయ్య నేల చూస్తున్నాడు.

"నిజం చెప్పు గట్టయ్యా. లస్మి మీద ఒట్టు."

"మూడు కొట్టిండు బావా. రెండు మాట్ల మూడే. నువ్వు ఇనకముందు ఇంకో మాటు గూడ కొట్టిండు."

మూడంటే పైకి లాగాలి. రెండంటే కిందికి వదలాలి. పైకి వస్తుందని కింద ఒకడు మోకు పక్కన నిలబడి ఉంటే, తను వాడి మీదికి టబ్బులు వదిలేవాడు. బుధవారం సంపత్ పక్కకు దూకిన చోటు బుచ్చన్నకు కనపడింది. అతను ఆ చోటుకు ఎన్నడూ పోలేదు, అయినా కనపడింది. కుర్చీ చేతిని పట్టుకున్నాడు గానీ అందులో కూర్చోలేదు.

గట్టయ్య దగ్గరికి వచ్చి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. "ఎవ్వరికి తెల్వది. నాకు పోయినేడే డౌట్ అచ్చి ఆ దీపం పెట్టిచ్చిన. ఆ బాయిల గూడ పెట్టిస్త. రేపు పేరు పోనియ్యి. అక్క కాలు గట్లున్నది."

"నీకు భూపాలపల్లి పడ్తది గదా?"

"పడ్తది."

"నా ముచ్చట అంత ఇన్నవు గదా. నీ పేరు కోసం ఎందుకు తిరగలే?"

"ఇన్నందుకే తిరగలే," అన్నాడు గట్టయ్య.

బుచ్చన్న అతని ముఖంలోకి చూశాడు. నాలుగు రోజులుగా ఈ మనిషిని తను మనసులో తిట్టని తిట్టు లేదు. పోయి ఎర్రదీపం మీది తుండుగుడ్డ తీశాడు.

"దీపం మాడితే?" అన్నాడు.

బుచ్చన్న గడప దాటి బయటికి వచ్చి వేణుమాధవ్‌కు ఫోను చేశాడు. టోపీకి పెట్టుకునే దీపాలిచ్చే క్యాప్‌ల్యాంపుల గది ముందు వరుస కట్టిన మొదటి షిఫ్టువాళ్ళు ఇటు తిరిగారు. వాళ్ళలో సంపత్ కూడా ఉన్నాడు. ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో ఇప్పుడు బుచ్చన్నకు తెలుసు. అయినా తగ్గించలేదు.

"వేణన్నా, నా పేరు తియ్యి. నాకు గంట వినబడ్తలేదు. ఆ, చెవులు పోయినయి. దవాఖాన్ల పరీక్ష చెయ్యున్రని ఇంజనీరుకు నేనే రాసిస్త. గియ్యాల్టి సంది పిడి ముట్టుకోను."

అవతల వేణుమాధవ్ ఏదో అన్నాడు. గొంతు తెలుస్తోంది, మాట తెలియడం లేదు. బుచ్చన్న ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. మళ్ళీ అదే. ఈసారి టవరును తిట్టలేదు, గుట్టను తిట్టలేదు. ఫోను తీసి గట్టయ్య చేతిలో పెట్టాడు.

"నువ్వు ఇని చెప్పు."

గట్టయ్య ఫోను చెవికి పెట్టుకున్నాడు. "నేనే అన్నా, గట్టయ్యను," అని విన్నాడు. వింటూ వింటూ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏమంటుండు?"

గట్టయ్య రిజిస్టరును ఛాతీకి అదుముకున్నాడు.

"నా పేరు తీసి ఆడ ఎవరిది రాయాలె అంటుండు. గంతేనా?"

గట్టయ్య తల ఊపాడు. కళ్ళు తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి లేనట్టు రిజిస్టరు పట్టుకున్న చేత్తోనే తుడుచుకున్నాడు.

"నీదే రాయమను," అన్నాడు బుచ్చన్న.

గట్టయ్య ఫోనులో చాలాసేపు మాట్లాడాడు. ఏం చెప్పాడో బుచ్చన్నకు వినపడలేదు. అడగలేదు కూడా.